ప్రభుత్వ ముసాయిదాల మీద మన ఊరి పిల్లలతో అభిప్రాయాలు రాయించడం ఎట్లా

2024 ఆగస్టులో తెలంగాణ ప్రభుత్వం కొత్త రెవెన్యూ చట్టం ముసాయిదాను భూపరిపాలన ప్రధాన కమిషనర్ (సీసీఎల్‌ఏ) వెబ్‌సైట్‌లో పెట్టి, సూచనలు పంపమని టైమిచ్చింది. ఆ బిల్లే డిసెంబరులో అసెంబ్లీ దాటి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతిగా అమల్లోకి వచ్చింది. పాస్‌బుక్‌లో పేరు తప్పు, సర్వే నంబరు గల్లంతు, తాతల నాడు రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామా... నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఈ తలనొప్పి లేని ఊరు ఒక్కటి చూపించండి. మరి అప్పుడు మీ ఊరి డిగ్రీ పిల్లల్లో ఆ ముసాయిదా తెరిచి చూసినవాళ్లెవరో అడిగి చూడండి. అంతకుముందున్న భూముల పోర్టల్ ధరణిని తిడుతూ స్టేటస్‌లు పెట్టినవాళ్లు దొరుకుతారు, గడువులోపల మెయిల్ కొట్టినవాళ్లను వెతకాలి.

ఊరి యువజన సంఘం నడిపేవాళ్లు, డిగ్రీ కాలేజీ లెక్చరర్లు, లైబ్రరీలో గ్రూప్స్‌కు చదివేవాళ్లను ఓ చోట కూర్చోబెట్టగలిగిన వాళ్లు, మీకోసమే ఇదంతా. పిల్లలకు బద్ధకం అనేది నేను ఒప్పుకోను. ఎక్కడ అడుగుతున్నారో, ఎప్పటిదాకా అడుగుతున్నారో వాళ్లకు ఎవరూ చెప్పట్లేదు, అంతే.

మొదట చేయాల్సింది, "విధాన రూపకల్పనలో యువత" అని ఫ్లెక్సీ కొట్టించకుండా ఉండడం. ఆ మాట వింటేనే సగం మంది లేచిపోతారు. మర్రిగూడ వైపైతే తాగే నీళ్ల సంగతి ఎత్తండి, నారాయణపేట వైపైతే వలస పోయినోళ్ల రేషన్ సంగతి, మిర్యాలగూడ వైపైతే కరెంటు, వడ్ల కొనుగోలు. ఆ గొడవకు సంబంధించిన ముసాయిదానో నోటీసో బయటికొచ్చిన రోజు దాన్ని గ్రూపులో పెట్టండి, పైన చివరి తేదీ రాసి. చివరి తేదీ లేకుండా లింకు మాత్రమే పెడితే అది గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల కింద పడిపోతుంది.

నోటీసులు ఎక్కడ దొరుకుతాయి? వారానికోసారి ఒకరు కూర్చుని చూస్తే చాలు, వంతులు వేసుకోండి. కేంద్రం సంగతులకు జనం అభిప్రాయాలు అడిగే మైగవ్ పోర్టల్, ఆయా మంత్రిత్వ శాఖల వెబ్‌సైట్లు. ఫోన్, ఇంటర్నెట్ సంగతులకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్. ఫ్యాక్టరీలు, గనులు, సిమెంటు ప్లాంట్లకు పర్యావరణ అనుమతుల పోర్టల్ పరివేష్, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. కరెంటుకు విద్యుత్ నియంత్రణ మండలి, మనవాళ్లు ఈఆర్సీ అంటారు. పేపర్ లోపలి పేజీల్లో చిన్న అక్షరాల ప్రకటనలను కూడా వదలొద్దు, పార్లమెంటు కమిటీలు బిల్లుల మీద అభిప్రాయాలు అడిగేది ఎక్కువగా అక్కడే. యువత కోసం కేంద్రం పెట్టిన మై భారత్ పోర్టల్‌లో క్విజ్ రాసి సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకోవడం మంచిదే గానీ, దాన్ని ఈ లెక్కలో వేయకండి.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని కేంద్రం 2014లో ఒక విధానం పెట్టుకుంది, కానీ అది చట్టం కాదు కాబట్టి పాటించకపోయినా అడిగే దిక్కు తక్కువ. కరెంటు ఛార్జీల సంగతి వేరు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం జనం అభ్యంతరాలు చూడకుండా మండలి టారిఫ్ ఉత్తర్వు ఇవ్వకూడదు. పర్యావరణ అనుమతుల మీద 2006 నోటిఫికేషన్ కూడా అంతే: ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ గానీ ఆయన తరఫున అధికారి గానీ కూర్చోవాలి, మొత్తం వీడియో తీయాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. నా మాట వింటే, వినక తప్పని చోటే మొదటి ప్రయత్నం చేయండి. కొత్తవాళ్లు రాసిన మొదటి కాగితానికే జవాబొస్తే రెండోది వాళ్లే రాస్తారు.

అందుకే నేనైతే ఈఆర్సీతో మొదలుపెట్టమంటాను. మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాలు రెండూ దక్షిణ డిస్కం, అంటే దక్షిణ తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థ కిందికే వస్తాయి. వచ్చే ఏడాది ఛార్జీల ప్రతిపాదనలను డిస్కంలు మామూలుగా నవంబరు చివరికి మండలి ముందు పెట్టాలి, చాలాసార్లు ఆలస్యమవుతుంటుంది. అది వందల పేజీల ఇంగ్లిష్ పీడీఎఫ్, లెక్కల పట్టికలు. చూసి టెన్షన్ పడొద్దు, అంతా చదవాల్సిన పని లేదు. వ్యవసాయం ఒకరికి, ఇళ్ల స్లాబులు ఒకరికి, ట్రాన్స్‌ఫార్మర్లు, లైన్ నష్టాలు ఇంకొకరికి పంచేయండి. పీడీఎఫ్‌లో ఆ పదం కొట్టి వెతికితే చూడాల్సిన పేజీలు కొన్నే మిగులుతాయి. ఇంకోవైపు, ఊళ్లో రైతుల దగ్గర వివరాలు పోగుచేయడం. ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎన్ని మోటార్లున్నాయి, గత యాసంగిలో ఎప్పుడెప్పుడు కాలింది, మార్చడానికి ఎన్ని రోజులు పట్టింది, డబ్బులు ఎవరు పెట్టుకున్నారు. ఈ రెండో సగం పట్నంలో కూర్చున్న నిపుణుడి దగ్గర ఉండదు, మన పిల్లల దగ్గరే ఉంటుంది. దాన్ని చిన్నచూపు చూడకండి.

రాసేటప్పుడు ఒక పేజీ దాటొద్దు. ఇట్లా ఉంటే చాలు:

"మాది ఫలానా మండలం, ఫలానా ఊరు. మా ఊరి ఫలానా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇన్ని మోటార్లు ఉన్నాయి. గత యాసంగిలో ఇన్నిసార్లు కాలింది, తేదీలు జతచేశాం. డిస్కం తన ప్రతిపాదనలో ఫలానా పేజీలో మరమ్మతులకు ఇంత ఖర్చు చూపింది. మా సర్కిల్‌లో అందులో ఎంత ఖర్చయిందో బయటపెట్టిన తర్వాతే ఆ ఖర్చును ఆమోదించాలని కోరుతున్నాం. విచారణలో స్వయంగా మాట్లాడే అవకాశం ఇవ్వగలరు."

చివరి వాక్యం మర్చిపోవద్దు, అది రాసినవాళ్లను విచారణకు పిలుస్తారు. మెయిలా, పోస్టా, కాపీ డిస్కంకు ఎట్లా పంపాలి, ఏ నమూనాలో రాయాలి అన్నీ నోటీసులోనే ఉంటాయి, ముందు దాన్ని పూర్తిగా చదవండి. మీ అభ్యంతరానికి డిస్కం జవాబిస్తుంది. ఆ జవాబు చేతిలో పట్టుకుని విచారణలో నిలబడి మాట్లాడిన ఇరవై ఏళ్ల అమ్మాయిని ఏ సారూ "నీకేం తెలుసమ్మా" అని కూర్చోబెట్టలేడు.

కాపీ పేస్టు సంగతి కూడా చెప్పాలి. 2015లో నెట్ న్యూట్రాలిటీ, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సమానంగా చూడాలన్న సంగతి మీద ట్రాయ్‌కి పది లక్షలకు పైగా మెయిళ్లు పోయాయి, చాలావరకు ఒకే నమూనాలోనివి. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ డేటా ఛార్జీల్లో వివక్షను నిషేధించింది కూడా. కానీ అది దేశమంతా లేచిన సందర్భం. మన మండలం సమస్య మీద ఒకే మెయిల్‌ను నలభై మంది పంపితే, చదివే ఆఫీసర్ దాన్ని ఒక్కటిగానే చూస్తాడు. నలభై మందికి బదులు ఆరుగురు ఆరు వేర్వేరు పొలాల సంగతి రాస్తే బరువు. ఏఐ చాట్‌లో రాయించుకుంటే రాయించుకోనివ్వండి, వద్దన్నా ఆగరు, కానీ అది లేని సెక్షన్ నంబర్లను ఉన్నట్టే నమ్మకంగా రాసిపెడుతుంది. ప్రతి సెక్షనూ అసలు చట్టంలో వెతికి చూశాకే పంపాలని గట్టిగా చెప్పండి.

తెలుగులో రాయొచ్చా? రాష్ట్ర శాఖలకు నిక్షేపంగా రాయొచ్చు. ఢిల్లీకైతే తెలుగు కింద ఇంగ్లిష్ అనువాదం జతచేయడం తెలివైన పని. 2020లో పర్యావరణ అనుమతుల నిబంధనలు మార్చే ముసాయిదా వచ్చినప్పుడు దాన్ని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, కేంద్రం దానికి ఒప్పుకోక సుప్రీంకోర్టుకు వెళ్లింది. అందుకని "తెలుగు ప్రతి ఇవ్వండి, గడువు పెంచండి" అని అడగడం కూడా ఒక అభిప్రాయమే. వేరే ఏమీ రాయలేకపోతే అదొక్కటైనా రాయించండి.

అమ్మాయిల సంగతి విడిగా ఆలోచించాలి. చాలా ఇళ్లలో ఫోన్ అన్న చేతిలో ఉంటుంది, రాత్రి తొమ్మిదికి పెట్టిన జూమ్ మీటింగ్‌కు వాళ్లు రారు, రాలేరు. కాలేజీ టైములోనే, కాలేజీ కంప్యూటర్ మీదే పెట్టండి. పైగా ట్రాయ్ లాంటి చోట్ల వచ్చిన అభిప్రాయాలను పేరుతో సహా వెబ్‌సైట్‌లో పెడతారు, కాబట్టి సొంత ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు రాసిపెట్టేముందు అవి నోటీసులో తప్పనిసరిగా అడిగారో లేదో చూడండి. సంఘం పేరుతో ఒక మెయిల్ ఐడీ తెరిచి పెట్టుకుంటే సగం భయం పోతుంది.

ఆన్‌లైన్‌తో అంతా అయిపోతుందనుకోవద్దు. 2019లో నల్లమలలో యురేనియం సర్వే మీద "సేవ్ నల్లమల" అని సోషల్ మీడియా హోరెత్తింది, నిజమే. కానీ అమ్రాబాద్ వైపు ఊళ్లు రోడ్డెక్కకపోతే ఆ హోరు ఎన్ని రోజులుండేదో. రెండూ కలిశాకే ఆ సెప్టెంబరు 16న యురేనియం తవ్వకాలు వద్దని అసెంబ్లీ ఏకగ్రీవంగా తీర్మానించింది. చిన్న స్థాయిలో ఇదే పని పంచాయతీల లెక్కలు చూపే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మొదలుపెట్టొచ్చు. మీ పంచాయతీ ప్రణాళికలో ఏ పనులు రాశారో, ఎంత ఖర్చు చూపారో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. ఆ పేజీ ప్రింటు తీసుకుని గ్రామసభకు పోండి, సెక్రటరీని మర్యాదగానే "సార్, ఈ సీసీ రోడ్డు ఏ గల్లీలో ఉంది?" అని అడగండి. ఇంటర్ పిల్లలకు అక్కడ ఓటు లేకపోవచ్చు, ప్రింటు తీసివ్వడానికి ఓటు అక్కర్లేదు.

పంపిన తర్వాత మెయిల్, అందినట్టు వచ్చిన జవాబు, నోటీసు, ముసాయిదా అన్నీ ఒక ఫోల్డర్‌లో దాచండి. ముసాయిదాను మాత్రం ఆ రోజే డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత లింకు ఉండకపోవచ్చు. తుది ఉత్తర్వు వచ్చాక రెండూ పక్కపక్కన పెట్టి ఏ మాట మారిందో, ఏది మారలేదో గ్రూపులో రాయండి, మనది తీసి పారేశారని తేలినా సరే రాయండి. జవాబే రాకపోతే, వచ్చిన సూచనలెన్ని, వాటి మీద ఏం చేశారని సమాచార హక్కు కింద అడగొచ్చు. కేంద్ర శాఖలకైతే 10 రూపాయల ఫీజుతో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి.