పాత కారు మసకబారిందా? పాలిష్‌కి ఇచ్చే ముందు ఇది చూడండి

పదేళ్లు దాటిన కారు, ఎంత బాగా చూసుకున్నా, ఎండలో నిలబెడితే వయసు కనిపిస్తుంది. అది చూసి టెన్షన్ పడి వెంటనే పాలిషింగ్‌కి ఇచ్చేస్తారు. ఆగండి. మసక పెయింట్ మీద ఉందా, పెయింట్‌లోనే ఉందా? ముందు తేలాల్సింది అది.

బానెట్, రూఫ్ మీద తెల్లటి మసక, షాంపూకి పోదు

తడిగా ఉంటే నిగనిగ, ఆరితే మళ్లీ తెలుపు. క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొర, పోయిందనుకుంటారు. చాలాసార్లు అది బోరు నీళ్ల ఉప్పు. తడిలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, మోసం అక్కడే. పైగా రోజూ కడిగే కారుకే ఇది ఎక్కువ. నీళ్లు ఆరిపోతాయి, ఉప్పు గీజర్ కాయిల్‌కి పట్టినట్టు పట్టేస్తుంది.

ఇంకా దొంగ కారణం ఆర్‌వో మెషిన్ వదిలేసే నీళ్లు. పారబోయడం ఎందుకని వాటితో కారు కడుగుతారు. ఉద్దేశం మంచిదే, కానీ వడకట్టిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. బాత్రూమ్ కడగడానికి వాడండి, కారుకి మాత్రం వద్దు.

కారు కడిగి తుడిచాక, నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు, తెల్ల వెనిగర్‌లో అంతే మంచినీళ్లు కలిపి మైక్రోఫైబర్ గుడ్డ తడపండి. అరచేయంత చోట ఒక్క నిమిషం ఆనించి, మెల్లగా తుడిచి, షాంపూ నీళ్లతో కడిగేయండి. ఆరాక ఆ ముక్క ఒక్కటే అసలు రంగులో తేలితే పెయింట్ బాగున్నట్టే. మిగతాదీ అలాగే చేసి వ్యాక్స్ వేయండి, వెనిగర్‌కి పాత వ్యాక్స్ నిలవదు. ఇకపై చివరి కడుగు నల్లా నీళ్లతో కానిచ్చి వెంటనే తుడవండి.

క్లియర్ కోట్ మామూలుగా 40–50 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా పలచన. కాంపౌండ్ (అరగదీసే పేస్ట్) పెట్టి పాలిషింగ్ మెషిన్ తిప్పిన ప్రతిసారీ కొంత అరుగుతుంది, మళ్లీ రాదు. ఉప్పు వదిలించడానికి మంచి పెయింట్‌ని అరగదీస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

ఉప్పు పోయినా గుండ్రటి మచ్చలు మిగిలితే, అక్కడ మాత్రమే తేలిక పాలిష్. మచ్చ అంచు గోరుకి తగులుతూ పెచ్చు లేస్తుంటే క్లియర్ కోట్ పోయినట్టే. ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ తప్ప దారి లేదు. ఫ్యాక్టరీ లోపమేమో అని ఇన్నేళ్ల తర్వాత వెతకకండి.

డ్రైవర్ సీటు అంచు నున్నగా మెరుస్తోంది

అది లెదర్ మెరుపు కాదు. చెమట, తల నూనె, జీన్స్ రంగు. తడిపి పిండిన తెల్ల గుడ్డతో రుద్దితే గుడ్డ మట్టిరంగుకి తిరుగుతుంది. లెదర్ క్లీనర్, మెత్తటి బ్రష్ చాలు. మురికి మీదే కండిషనర్ వేయకండి, కొబ్బరినూనె అసలే వద్దు, జిడ్డుకి ఇంకా దుమ్ము పడుతుంది. పగుళ్లలో లోపలి లేత రంగు కనిపిస్తుంటే క్రీములతో పని జరగదు, పగుళ్లు పూడ్చే ఫిల్లర్ పెట్టి రంగు వేయించాలి.