మెకానికల్ ఇంజనీరింగ్‌కు కాలేజీని ఎలా ఎంచుకోవాలి?

ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చాయంటే చాలు, బంధువులూ ఇరుగుపొరుగూ కాలేజీల పేర్లు చెప్పడం మొదలుపెడతారు. వాళ్లు చెప్పే పేర్లలో చాలావాటికి ఆ ఖ్యాతి కంప్యూటర్ బ్రాంచీల ప్లేస్‌మెంట్ల వల్ల వచ్చింది. 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి ఏఐసీటీఈ ఒక్కో బ్రాంచికి ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఎత్తివేసింది. ఆ తర్వాత ఎన్నో కాలేజీలు సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) సీట్లు పెంచుకున్నాయి, మెకానికల్, సివిల్ సీట్లు తగ్గించుకున్నాయి. కాబట్టి పెద్ద పేరున్న చోట మెకానికల్ విభాగం నీరసించి ఉండవచ్చు, అంత పేరు లేని చోట అదే విభాగం కళకళలాడుతూ ఉండవచ్చు. మీరు చేరబోయేది మెకానికల్‌లో కనుక, మొదటి నుంచి చివరి దాకా ఆ ఒక్క విభాగం బాగోగులే విచారించండి.

1. మీ ముందున్న దారులు చూసుకోండి

జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో ఐఐటీలు, జేఈఈ మెయిన్ ర్యాంకుతో ఎన్ఐటీలు. తెలుగు నేల మీద హైదరాబాద్, తిరుపతి ఐఐటీలు, వరంగల్, తాడేపల్లిగూడెం ఎన్ఐటీలు ఉన్నాయి. ఎన్ఐటీల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వారికే కేటాయిస్తారు. వీటన్నిటికీ జోసా అనే ఉమ్మడి కౌన్సెలింగ్ వేరుగా జరుగుతుంది. ఈఏపీసెట్ ర్యాంకుతో ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, జేఎన్‌టీయూల క్యాంపస్ కాలేజీల్లోనూ ప్రైవేటు కాలేజీల్లోనూ చేరవచ్చు.

మరో దారి గురించి మన ఇళ్లలో తక్కువగా మాట్లాడుకుంటాం. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, డిప్లొమా వారి ప్రవేశ పరీక్ష ఈసెట్ రాస్తే బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. యంత్రాలు విప్పి చూడాలన్న సరదా ఉన్న పదో తరగతి పిల్లలకు ఇది మేలైన దారి అని నేను గట్టిగా నమ్ముతాను. మూడేళ్లు వర్క్‌షాపులో చేతులకు గ్రీజు పూసుకుని వచ్చినవారికి బీటెక్ పాఠాలు త్వరగా ఒంటపడతాయి.

2. గత ఏడాది చివరి ర్యాంకులు తీయండి

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ రిజర్వేషన్ కేటగిరీలో చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో పట్టికలు ఉంటాయి. అమ్మాయిలకూ అబ్బాయిలకూ వేర్వేరు వరుసలు ఉంటాయి, మీకు వర్తించే వరుసే చూడండి. ఒకే కాలేజీలో సీఎస్ఈ చివరి ర్యాంకుకూ మెకానికల్ చివరి ర్యాంకుకూ ఎంతో తేడా కనిపిస్తుంది. అంటే సీఎస్ఈలో మీకు అందని కాలేజీ మెకానికల్‌లో అందుతుంది. ఈ వెసులుబాటును వదులుకోకండి. ఇంటి పక్కనే ఉందన్న కారణంతో మొదటి కాలేజీకి సరిపెట్టుకోకుండా, ర్యాంకుకు అందే అవకాశం ఉన్నవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి.

చివరి ర్యాంకు మరీ వెనక్కి పోయి ఉంటే అక్కడ సీట్లు మిగిలిపోతున్నాయేమో విచారించండి. ఏటా పది పదిహేను మందే చేరుతుంటే యాజమాన్యం కొత్త అధ్యాపకులను తీసుకోదు, పాడైన యంత్రాన్ని బాగు చేయించదు. “ఇప్పుడు మెకానికల్ రెండో సంవత్సరంలో ఎంతమంది ఉన్నారు?” అని అడిగితే విభాగం పరిస్థితి సగం తెలిసిపోతుంది.

3. గుర్తింపు కాగితాలు చదవండి

కాలేజీల నాణ్యతను మదింపు చేసే జాతీయ సంస్థలు రెండు, న్యాక్, ఎన్‌బీఏ. న్యాక్ గ్రేడు మొత్తం కాలేజీకి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడివిడిగా ఇస్తారు. ప్రకటనలో “ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కాలేజీ” అని ఉంటే అది మెకానికల్‌కు ఉన్నదో లేదో, ఉంటే ఏ సంవత్సరం వరకు ఉన్నదో ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో సరిచూడండి. ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో భారతదేశం 2014లో పూర్తి సభ్యత్వం పొందింది. విదేశాల్లో ఇంజనీరుగా స్థిరపడాలనుకునేవారు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ ఒప్పందం ప్రయోజనం ఎన్‌బీఏ టైర్-1 గుర్తింపు (విశ్వవిద్యాలయాలకు, స్వయంప్రతిపత్తి కాలేజీలకు ఇచ్చేది) ఉన్న కోర్సులకే వర్తిస్తుంది.

అధ్యాపకుల జాబితా కాలేజీ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది ఏఐసీటీఈ లెక్క. తలలు లెక్కపెట్టి ఊరుకోకుండా, ఎవరు ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నారో చూడండి. థర్మోడైనమిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, మెషిన్ డిజైన్ పాఠాలను పదేళ్లుగా చెబుతున్నవారు ఇద్దరు ముగ్గురైనా ఉన్న విభాగాన్ని నమ్మవచ్చు. రోబోటిక్స్, విద్యుత్ వాహనాల కోర్సులు ఎన్ని చేర్చినా ఈ పునాది పాఠాలు గట్టిగా చెప్పేవారు లేకపోతే అవి నిలవవు.

4. కాలేజీకి వెళ్లి ల్యాబులు చూడండి

ఈ ఒక్క పనికి ఒక రోజు పూర్తిగా కేటాయించండి. సెలవు రోజున వెళ్తే తళతళలాడే గదులే చూపిస్తారు కనుక, తరగతులు జరిగే రోజునే వెళ్లాలి. ముందు గేటు దగ్గరి పెద్ద భవనం దాటి వెనక ఉండే రేకుల షెడ్డు ఎక్కడుందో అడగండి. చాలా కాలేజీల్లో వర్క్‌షాపు ఉండేది అక్కడే.

లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మిషను ముందు నిలబడి కిందనున్న ట్రేలోకి తొంగి చూడండి. చుట్టలు చుట్టుకున్న ఇనుప చిప్పులు, నూనె తడి ఉంటే నిన్నో మొన్నో దాని మీద పని జరిగింది. మిషను పొడవునా ఉండే బెడ్డు మీద వేలితో రాస్తే పల్చని నూనె అంటాలి. తుప్పు పొడి రాలితే, దుమ్ము అట్టకట్టి ఉంటే ఆ మిషను పరీక్షల రోజున తప్ప తిరగదని అర్థం. ఎన్ని లేత్‌లు ఉన్నాయో, ఒక బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో కలిపి లెక్కేయండి. ఒక్క మిషను చుట్టూ పదిహేను మంది నిలబడితే పని చేసేది ఒకరు, చూసేది పద్నాలుగు మంది.

తర్వాత మెటీరియల్ టెస్టింగ్ ల్యాబుకు వెళ్లండి. లోహపు కడ్డీలను లాగి తెంచే యూనివర్సల్ టెస్టింగ్ మిషను అక్కడ ఉంటుంది. తెగిన ముక్కలు పక్కన పెట్టెలో ఉన్నాయేమో చూడండి. మెత్తటి ఉక్కు కడ్డీ తెగేముందు నడుము సన్నబడి, ఒక ముక్క చిన్న గిన్నెలా, రెండోది ఆ గిన్నెలో అమరే మొనలా తయారవుతుంది. పోత ఇనుము సాగకుండా అడ్డంగా పుటుక్కున విరుగుతుంది. అలాంటి ముక్కలు గుట్టగా కనిపిస్తే ప్రయోగాలు నిజంగానే జరుగుతున్నాయి. అక్కడున్న విద్యార్థిని “ఇది ఇలా ఎందుకు తెగింది?” అని అడగండి. ఆ అబ్బాయో అమ్మాయో ఉత్సాహంగా వివరించడం మొదలుపెడితే ఆ కాలేజీ పేరు మీ కాగితంలో పైకి తీసుకురండి.

ల్యాబ్ టెక్నీషియన్‌తో తప్పక మాట్లాడండి. ఏ యంత్రం ఎప్పటి నుంచి మూలన పడిందో ఆయనకు తెలిసినంతగా ప్రిన్సిపాల్‌కు కూడా తెలియదు. కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషను మీద విద్యార్థులను చేయి వేయనిస్తారా, డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు చెల్లుబాటయ్యే లైసెన్సులు ఉన్నాయా అని ఆయననే అడగండి. వాహన ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ ఇండియా నిర్వహించే బాహా అనే బండ్ల పోటీకి విద్యార్థులు సొంతంగా బండి తయారు చేసి తీసుకెళ్లి ఉంటే, ఆ బండి కూడా షెడ్డులోనే ఎక్కడో ఉంటుంది, చూపించమనండి.

5. ఉద్యోగాల లెక్క బ్రాంచి వారీగా అడగండి

బ్యానరు మీద ఉండే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. అది మెకానికల్ విద్యార్థిది అయ్యే అవకాశం తక్కువ. గత మూడేళ్లలో మెకానికల్‌లో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వారిలో ఎంతమంది కర్మాగారాల్లో, డిజైన్ సంస్థల్లో చేరారు, ఎంతమంది సాఫ్ట్‌వేర్‌కు వెళ్లారు? ఈ నాలుగు అంకెలు రాతపూర్వకంగా అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే చివరి ఏడాది విద్యార్థులను క్యాంటీన్‌లో కలిసి తెలుసుకోండి.

చుట్టుపక్కల పరిశ్రమలూ చూసుకోవాలి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలు, విశాఖ ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డ్, పెనుకొండ దగ్గరి కియా, శ్రీసిటీ ఇలాంటివి దగ్గరలో ఉంటే ఇంటర్న్‌షిప్‌కు తిరగడం తేలిక. అయితే దగ్గర ఉన్నంత మాత్రాన చాలదు, నిరుడు అక్కడికి ఎందరిని పంపారో అడగాలి. ఎన్‌టీపీసీ వంటి ప్రభుత్వ సంస్థలు గేట్ అనే జాతీయ పరీక్ష స్కోరు చూసి ఇంజనీర్లను తీసుకుంటాయి కనుక, ఆ విభాగం నుంచి ఏటా ఎందరు గేట్‌లో అర్హత సాధిస్తున్నారో కూడా తెలుసుకోండి.

6. నాలుగేళ్ల ఖర్చు కూడండి

ప్రైవేటు కాలేజీల ఫీజులను తెలంగాణలో ప్రవేశాలు, ఫీజుల నియంత్రణ కమిటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నత విద్య నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫార్సు మేరకు నిర్ణయిస్తారు. ట్యూషన్ ఫీజు మీద హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు కలిపి చూడండి. కాలేజీ తానే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మెకానికల్‌లో కన్వీనర్ కోటా (కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే) సీటు ఇంత సులువుగా దొరుకుతున్నప్పుడు డొనేషన్ కట్టవలసిన అవసరం నాకైతే కనిపించదు. “రేపటికల్లా సీట్లు అయిపోతాయి” అని ఫోను చేసే ఏజెంట్ల మాటకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

7. వెబ్ ఆప్షన్లు జాగ్రత్తగా పెట్టండి

కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో మీరు కోరుకునే కాలేజీ, బ్రాంచిల వరుస జాబితానే వెబ్ ఆప్షన్లు అంటారు. సీట్ల కేటాయింపులో మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూసి, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తుంది. కాబట్టి మీకు నిజంగా నచ్చిన వరుసలోనే పెట్టండి. అందదేమో అనిపించే కాలేజీని పైన పెట్టినా నష్టం లేదు. చేరడం ఇష్టం లేని కాలేజీని మాత్రం అసలు పెట్టకండి. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ ఒకటికి రెండుసార్లు సరిచూసి, గడువులోగా ఫ్రీజ్ (ఖరారు) చేసి, ప్రింటు తీసి దాచుకోండి. పాస్‌వర్డు, ఓటీపీ ఏ కాలేజీ ప్రతినిధికీ చెప్పవద్దు.

రెండో విడతలో ఇంకా మంచి కాలేజీ కోసం మళ్లీ ఆప్షన్లు పెడితే, అక్కడ సీటు రాగానే మొదటి సీటు రద్దవుతుంది. అందుకే రెండో విడతలో, చేతిలో ఉన్నదాని కంటే మేలైనవే పెట్టాలి. సీటు వచ్చాక చెప్పిన తేదీలోగా ఫీజు కట్టి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయండి, అంటే సీటు తీసుకుంటున్నట్టు తెలపండి. అది చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది.