కాస్టింగ్‌లో రిజెక్ట్ అయ్యాక నిద్ర పట్టకపోతే: నాకు పనిచేసిన పద్ధతి

చెన్నైలో మోడలింగ్ కాస్టింగ్‌కి (షూట్‌కి మోడల్స్‌ని ఎంచుకునే చోటికి) వెళ్లి నెల్లూరు రైలెక్కగానే మొదలయ్యేది: మాటిమాటికీ ఫోన్ చూసుకోవడం. ఇంటికొచ్చాక అన్నం సయించదు, నిద్ర పట్టదు. మోటివేషన్ వీడియోలు, రాత్రిపూట తిండి మానేయడం, ఇన్‌స్టా తీసేయడం... ఏదీ పనిచేయలేదు.

చివరికి కుదిరింది ఇది. బయల్దేరే ముందే వాళ్లడిగిన ఎత్తు, కొలతలు, షూట్ తేదీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. తిరుగు రైల్లో గూడూరు వచ్చేలోపు వాటి పక్కనే, కాస్టింగ్‌లో జరిగింది రాస్తాను, జరిగింది మాత్రమే. "నేను నచ్చలేదు" అని కాదు. "జాకెట్ భుజాల దగ్గర వదులైంది, పిన్ను పెట్టి చూశారు, నడవమనలేదు" అని. అక్కడ వేసి చూసే శాంపిల్ బట్టలు ముందే ఒక సైజుకి కుట్టి ఉంటాయి, అది నా తప్పు కాదు. జాకెట్ గురించిన ఆ వాక్యం కాగితం మీద చూస్తే సగం టెన్షన్ అక్కడే దిగిపోతుంది.

తర్వాత నా చేతిలో ఉన్న ఒక్కదాని కింద గీత గీస్తాను. మర్నాడు అదే పని. ఒకసారి ఫొటోలు పాతవన్నారు. పొద్దున్నే మేడ మీద తెల్లగోడ ముందు, మేకప్ లేకుండా, ఎదురుగా, పక్కకి, నిలువెత్తుగా తమ్ముడితో తీయించాను. (పక్కింటి పెద్దమ్మ పెళ్లిచూపులకే అనుకుంది.)

షూట్ తేదీ దాటగానే పేజీ కొట్టేస్తాను. సెలెక్ట్ కాకపోతే చాలామంది కబురే పెట్టరు, ఎదురుచూపుకి మనమే గడువు పెట్టుకోవాలి.

తేదీ చెప్పని కాస్టింగ్‌లకి ఇది అంతగా పనిచేయదు. ఒంటి రంగు మీద మాటన్నప్పుడు అసలు పనిచేయలేదు. తిండీ నిద్రా వారాల తరబడి లేకపోతే నోట్‌బుక్‌తో ఆగకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం.