పదేళ్లు దాటిన పిల్లల్ని నిద్రకు సిద్ధం చేయడం

ముందు, లేవాల్సిన టైమ్ నుంచి వెనక్కి లెక్కేయండి. 6–12 ఏళ్లవాళ్లకు 9 నుంచి 12 గంటలు, 13 దాటితే 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పొద్దున 6:30కి లేవాల్సిన పదకొండేళ్ల పాపకు రాత్రి 9 కల్లా లైటు ఆరాలి. అంటే 8 గంటలకే ఇల్లు నెమ్మదించాలి.

మొదట ఫోన్ గది బయట చార్జింగ్‌కి పెట్టించండి, మీది కూడా. పిల్లలు గమనించేది అదే. తర్వాత గోరువెచ్చని స్నానం, బ్యాగు సర్దడం, చిన్న లైటు వెలుగులో పుస్తకం. పక్క ఎక్కగానే రేపటి పరీక్షో, స్నేహితురాలితో గొడవో గుర్తొచ్చే పిల్లలుంటారు. వాళ్లకు పడుకోకముందే 5 నిమిషాలిచ్చి, మనసులో ఉన్నది కాగితం మీద రాయించండి.

ఎక్కువగా బెడిసికొట్టేది తొందరే. పడుకునే టైమ్‌ని ఒక్కసారిగా గంట ముందుకు జరిపితే నిద్ర రాదు, పక్క మీద దొర్లుతూ విసుక్కుంటారు. రెండు మూడు రోజులకోసారి 15 నిమిషాల చొప్పున జరపండి. టీనేజ్‌లో నిద్ర ఆలస్యంగా రావడం ఒంటి తీరు, బద్ధకం కాదు. సుమారు 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కాసేపు చదువుకోనివ్వండి. సెలవు రోజైనా లేచే టైమ్ గంటకు మించి జరగకూడదు.