కుదుపా, పట్టా: కారుకు కొత్త టైర్లు కొనే ముందు అసలు లోపాన్ని పట్టుకోవడం

కడప నుండి రాయచోటి వెళ్లే దారిలో గువ్వలచెరువు ఘాట్ దిగుతున్నప్పుడు కారు మలుపుల్లో రోడ్డును గట్టిగా పట్టుకోవాలని కోరుకుంటాము. అదే కారులో మరునాడు ఎర్రగుంట్ల మీదుగా తాడిపత్రి వైపు, సిమెంటు లారీలూ నాపరాళ్ల లారీలూ తిరిగి తిరిగి నలిగిపోయిన రోడ్డు మీద వెళ్లవలసి వస్తే, వెనుక సీట్లో కూర్చున్న పెద్దవాళ్ల నడుముకు దెబ్బ తగలకుండా ఉంటే చాలనుకుంటాము. ఈ రెండు కోరికలనూ తీర్చవలసింది ఆ నాలుగు టైర్లే. టైరు సైడ్‌వాల్, అంటే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నిలబడే రబ్బరు గోడ, గట్టిగా ఉంటే మలుపులో వంగిపోదు గాని గుంతలో తగిలిన దెబ్బను పైకి పంపుతుంది. మెత్తగా ఉంటే దెబ్బను తానే మింగుతుంది గాని స్టీరింగ్ తిప్పిన తరువాత కారు తిరగడానికి రెప్పపాటు ఆలస్యమవుతుంది.

పద్నాలుగేళ్లుగా ఈ రోడ్ల మీద కారు నడుపుతున్న నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. కుదుపు, పట్టు అనే రెండింటి మధ్య పొత్తు కుదిర్చేది టైరు మీది కంపెనీ పేరు కాదు, సరైన సైజు, సరైన గాలి, తక్కువ వయసు. అందువల్ల కొత్త టైర్లకు డబ్బు కట్టే ముందు, ఇప్పుడున్న టైర్లు ఏ లోపాన్ని చూపుతున్నాయో, అది నిజంగా టైరుదేనా అన్నది తేల్చుకోవాలి.

సమస్య: చిన్న గతుకులో కూడా కారు రాయి మీద పడినట్టు కొడుతోంది

ముందుగా అనుమానించవలసింది గాలిని. ఎంత గాలి ఉండాలన్నది డ్రైవరు తలుపు తీస్తే పక్కన అంటించిన స్టిక్కరు మీద ఉంటుంది. చాలా చిన్న కార్లకు అది 30 నుండి 35 పీఎస్‌ఐ (గాలి పీడనానికి కొలత) మధ్యలో ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉండే పెద్ద అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనమే గాని మన కారుకు కావలసిన గాలి కాదు. ఆ అంకెను చూసి గాలి నింపితే కుదుపు వస్తుందనడంలో ఆశ్చర్యం లేదు, ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల రబ్బరు, నడుమ భాగంలో ముందుగా అరిగిపోతుంది కూడా.

మన ప్రాంతంలో గాలి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. స్టిక్కరు మీది అంకె చల్లని టైరుకు, అంటే బండి కనీసం మూడు గంటలు నీడన నిలిచి ఉన్నప్పటి టైరుకు వర్తిస్తుంది. తెల్లవారుజామున 24 డిగ్రీల వద్ద ఉన్న టైరు, ఏప్రిల్ మధ్యాహ్నం 44వ జాతీయ రహదారి మీద గుత్తి నుండి కర్నూలు దాకా పరుగెత్తిన తరువాత 50 డిగ్రీలు దాటడం మామూలే. టైరు వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా గాలి ఒక పీఎస్‌ఐ వరకు పెరుగుతుంది కనుక, పొద్దున 33 ఉన్న టైరు మధ్యాహ్నం 38 చూపించడం లోపం కాదు. ఆ వేడి టైరు నుండి గాలి తీయించి 33కి తెచ్చినవారు మరునాడు పొద్దున కొలిస్తే 28 లేదా 29 కనబడుతుంది. ఆ తక్కువ గాలితో టైరు అతిగా వంగుతూ, ఆ వంగడం వల్లనే మరింత వేడెక్కుతూ, చివరకు హైవే మీద పగలవచ్చు. ఎండాకాలంలో గాలి తగ్గించి ఉంచాలనే మాట మన ఊళ్లలో చాలామంది నమ్మకంగా చెబుతారు. దయచేసి దానిని పాటించకండి. పొద్దున్నే, రెండు మూడు కిలోమీటర్లకు మించి నడపకముందే, స్టిక్కరు ప్రకారం గాలి పట్టించండి. నైట్రోజన్ పట్టించినా నష్టం లేదు. అయితే మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది కనుక కుదుపు తగ్గుతుందని ఆశించి అందుకు డబ్బు పెట్టనక్కరలేదు.

గాలి సరిగా ఉన్నా కుదుపు తగ్గకపోతే టైరు వయసు చూడాలి. సైడ్‌వాల్ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఆ అంకెలు ఒక్కొక్కసారి టైరు లోపలి వైపున మాత్రమే ఉంటాయి కనుక సెల్‌ఫోన్ లైటు వేసి కిందికి వంగి చూడవలసి వస్తుంది. ట్రెడ్ ఎంత మిగిలి ఉన్నా, ఎండలో నిలిచి నిలిచి వయసు మీరిన రబ్బరు గట్టిపడుతుంది. బొటనవేలి గోరుతో నొక్కినప్పుడు కొత్త టైరు లోపలికి పోయి మళ్లీ పైకి లేస్తుంది, గట్టిపడిన టైరు మీద గోరు జారుతుంది. గాడుల అడుగునా, సైడ్‌వాల్ మీదా వెంట్రుకల్లాంటి పగుళ్లు కూడా కనబడతాయి. అటువంటి టైరు కుదుపు ఇవ్వడంతో పాటు తడి రోడ్డు మీద జారుతుంది కూడా. ఐదేళ్లు దాటిన టైర్లను ఏటా పరీక్ష చేయించమనీ, ఏ స్థితిలో ఉన్నా పదేళ్లకు మించి వాడవద్దనీ టైరు తయారీదారులు చెబుతారు. మన ఎండలు చూసిన తరువాత నేను ఆరేళ్లకే మార్చేస్తున్నాను.

మూడవ కారణం సైజు, దీనికి నేను మూల్యం చెల్లించాను. నా కారుకు కంపెనీ ఇచ్చిన సైజు 185/65 ఆర్ 15. ఇందులో 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే దాదాపు 120 మిల్లీమీటర్లు. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒక దుకాణంలో చూపించిన అల్లాయ్ రిమ్ముల అందానికి మనసు పడి నేను 195/55 ఆర్ 16కు మారాను. మొత్తం చక్రం ఎత్తు దాదాపు మారలేదు కనుక స్పీడోమీటరు తప్పు చూపలేదు, మలుపుల్లో స్టీరింగ్ కూడా చురుకుగా పలికింది. కాని సైడ్‌వాల్ 107 మిల్లీమీటర్లకు తగ్గింది. ఆ పోయిన 13 మిల్లీమీటర్ల రబ్బరు విలువ ఆరు వారాల తరువాత ఎర్రగుంట్ల దాటాక ఒక గుంతలో తెలిసింది. దిగి చూస్తే రిమ్ము అంచు లోపలికి నొక్కుకుపోయి, దాని ఎదుటనే సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత ఉబ్బు లేచింది. లోపలి దారాలు తెగిన చోట గాలి రబ్బరును బయటికి నెట్టడమే ఆ ఉబ్బు. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు. స్టెప్నీ బిగించుకుని ఇంటికి చేరి, ఆ నెలలోనే పాత 15 అంగుళాల రిమ్ములు మళ్లీ వేయించుకున్నాను. గతుకుల రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవారు రిమ్ము పెంచి సైడ్‌వాల్ తగ్గించవద్దని నా గట్టి సలహా.

ఈ మూడూ సరిగా ఉండి కూడా బండి కొడుతుంటే షాక్ అబ్జార్బర్లనూ సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లనూ చూపించాలి. షాక్ అబ్జార్బరు చుట్టూ నూనె తడి కనబడితే అది కారిపోతోందని అర్థం. దాని లోపాన్ని కొత్త టైరు కప్పిపుచ్చలేదు.

సమస్య: మలుపులో కారు తేలిపోతున్నట్టు, స్టీరింగ్ మాట ఆలస్యంగా వింటున్నట్టు ఉంది

ఇక్కడ కూడా తక్కువ గాలే మొదటి ముద్దాయి. గాలి సరిచేసిన తరువాత కూడా అలాగే ఉంటే ఇటీవల సైజు ఏమైనా మారిందా అని చూడాలి. మెత్తదనం కోసం 195/65 ఆర్ 15 వేయించుకునేవారు ఉన్నారు. ఆ టైరు మొత్తం వ్యాసం అసలు దానికన్నా దాదాపు రెండు శాతం ఎక్కువ, సైడ్‌వాల్ ఆరు మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ. కుదుపు కొంత తగ్గినా బండి మలుపులో మరింత ఒరుగుతుంది, స్పీడోమీటరు అసలు వేగం కన్నా కాస్త తక్కువ చూపుతుంది.

సైజు సరైనదే అయితే టైరు రకాన్ని చూడాలి. ఇంధనం ఆదా కోసం చేసిన టైర్లు తేలికగా దొర్లుతాయి, వాటిలో కొన్ని మలుపులో మెతకగా అనిపిస్తాయి. స్పోర్ట్ రకం టైర్లు గట్టి సైడ్‌వాల్‌తో చక్కని పట్టు ఇస్తాయి గాని రోడ్డు మీది ప్రతి గీతనూ చేతికి చెబుతాయి. ఈ రెండింటికీ నడుమ టూరింగ్ రకం ఉంటుంది. వారానికొకసారి ఘాట్ రోడ్డు, మిగతా రోజులు ఊరి రోడ్డు, నెలకొకసారి బెంగళూరు లేదా హైదరాబాదు ప్రయాణం ఉండే కుటుంబానికి కంపెనీ సైజులో టూరింగ్ టైరే సరిపోతుంది. ఘాట్ మీద చివరి పది శాతం చురుకుదనం వదులుకుంటాము, దాని బదులు ఏడాదంతా నడుము కాపాడుకుంటాము.

సమస్య: 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది

ఒక వేగంలో మొదలై, ఇంకా వేగం పెంచితే తగ్గే వణుకు సాధారణంగా బ్యాలెన్సింగ్ లోపం, అంటే చక్రం చుట్టూ బరువు సమానంగా లేకపోవడం. రిమ్ముకు అంటించిన సీసపు బరువు ఊడిపోయిందేమో చూసి బ్యాలెన్సింగ్ చేయించాలి. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే అది బ్రేకు డిస్కుకు సంబంధించినది.

సమస్య: బండి ఒక పక్కకు లాగుతోంది, టైరు ఒక అంచున అరుగుతోంది

రెండు ముందు టైర్లలో గాలి సమానంగా ఉందని తేల్చుకుని, వాటిని కుడి ఎడమలు మార్చి చూడండి. ఒకే దిశలో తిరగాలని బాణం గుర్తు ఉన్న టైర్లకు మాత్రం ఇది కుదరదు. లాగే దిశ కూడా మారితే లోపం టైరుది, మారకపోతే వీల్ అలైన్‌మెంట్‌ది, అంటే చక్రాలు నిలబడే కోణాల అమరికది. అరిచేతిని ట్రెడ్ మీద బయటి నుండి లోపలికి, తరువాత లోపలి నుండి బయటికి మెల్లగా రాస్తే, ఒక దిశలో నున్నగా, మరొక దిశలో రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో, అంటే పైనుండి చూసినప్పుడు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, సరిగా లేదని తెలుస్తుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, అక్కడక్కడ గిన్నెల్లా పల్లాలు పడితే షాక్ అబ్జార్బర్లు బలహీనం. ఈ అరుగుదల గుర్తులు చదవకుండా కొత్త టైర్లు బిగిస్తే, పాతవాటిని తిన్న లోపమే కొత్తవాటినీ తింటుంది. అలైన్‌మెంట్ చూపించడం, ఉన్న టైర్లనే ముందువి వెనక్కి, వెనుకవి ముందుకు మార్పించడం దాదాపు పదివేల కిలోమీటర్లకొకసారి చేయించడం మంచిది.

సమస్య: వేగంతో పాటు పెరిగే హోరు

టైరు హోరునూ చక్రం బేరింగు హోరునూ పొరపడేవారు చాలామంది. ఖాళీ రోడ్డు మీద కొద్దిగా ఎడమకూ కుడికీ తిప్పినప్పుడు హోరు ఒక వైపున పెరిగి మరొక వైపున తగ్గితే బేరింగును అనుమానించాలి. ముందు టైర్లను వెనక్కి మార్చినప్పుడు హోరు కూడా వెనక్కి వెళితే అది టైరుదే.

సమస్య: తొలి వానకు బ్రేకు వేస్తే జారుతోంది

అనంతపురం, కర్నూలు వైపు నెలల తరబడి వాన ఉండదు. ఆ కాలమంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, లారీల నూనె, నంద్యాల పక్కనైతే పొలాల నుండి చక్రాలకు అంటి వచ్చిన నల్లరేగడి మట్టి, మొదటి చినుకులకు సబ్బునీళ్లలా మారతాయి. నీటిని పక్కకు తోసే పని గాడులది. గాడుల అడుగున ఉండే చిన్న గట్టులు 1.6 మిల్లీమీటర్ల హద్దును చూపుతాయి. ట్రెడ్ ఆ గట్టుతో సమమైతే టైరు పని అయిపోయినట్టే. నేను 3 మిల్లీమీటర్ల వద్దనే, వానాకాలానికి ముందే మారుస్తాను. కేంద్ర రవాణా శాఖ 2022లో నోటిఫై చేసిన ఏఐఎస్-142 ప్రమాణం టైర్లకు తడి రోడ్డు పట్టు, దొర్లే నిరోధం, శబ్దం అనే మూడింటిలోనూ పరిమితులు విధించింది. మన దగ్గర వానలు తక్కువ కదా అని తడి పట్టును పక్కన పెట్టి కొనడం సరికాదు, అరుదుగా వచ్చే వానకే మనం అలవాటు తప్పి ఉంటాము.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

కంపెనీ సైజునే అడగండి. సైజు పక్కన 88హెచ్ వంటి గుర్తు ఉంటుంది. 88 అంటే ఒక్కొక్క టైరు 560 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం తట్టుకోగలదని అర్థం. ఈ రెండూ స్టిక్కరులో చెప్పిన దానికన్నా తగ్గకూడదు. ఐఎస్‌ఐ గుర్తు ఉందో లేదో చూసి, తయారీ వారం చదివి, ఏడాది దాటినదైతే వేరొకటి తెమ్మని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు, డబ్బు మనది.

రెండు టైర్లే కొనగలిగితే వాటిని వెనుక చక్రాలకు వేయించండి. ముందుకు వేయమని దుకాణంలో చాలాసార్లు ఒత్తిడి చేస్తారు. కాని తడి రోడ్డు మీద వెనుక చక్రాలు ముందుగా జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దానిని మామూలు డ్రైవరు సరిదిద్దుకోలేడు. ట్యూబ్‌లెస్ వాల్వులు పాతవైతే టైర్లతో పాటు వాటినీ మార్పించండి. బిగించిన తరువాత 50 నుండి 100 కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు మళ్లీ ఒకసారి బిగింపు చూడాలి. కొత్త రబ్బరు మీద అచ్చు నుండి వచ్చిన నున్నని పొర పోయేదాకా, మొదటి 300 కిలోమీటర్లు మలుపుల్లో నెమ్మదిగా వెళ్లండి. గువ్వలచెరువు ఘాట్ మీద కొత్త టైర్లను పరీక్షించాలనుకుంటే ఆ 300 పూర్తయిన తరువాతే, పొద్దున గాలి చూసుకుని బయలుదేరండి.