ఇంటి ముందు పార్కింగులో వాన నీరు ఇంకేలా పేవర్ బ్లాకులు వేయడం ఎలా?

పేవర్ బ్లాకులు వేస్తే చాలు, నీరు ఇంకుతుందని చాలామంది అనుకుంటారు. మన దగ్గర మామూలుగా వేసే పద్ధతిలో ఇంకదు. కింద బెడ్ కాంక్రీటు, దానిపై క్రషర్ డస్టు (రాతి పొడి), సందుల్లో సన్న ఇసుక ఉంటే నీటికి అది సిమెంటు గచ్చే. నీటిని మింగేది బ్లాకు కాదు, బ్లాకుల మధ్య సందు. దాచేది కింది కంకర. డబ్బూ శ్రద్ధా అక్కడే పెట్టాలి.

ఉదాహరణకు 50 చదరపు మీటర్ల (సుమారు 540 చదరపు అడుగుల) పార్కింగు, దానిలోకే వచ్చే 100 చదరపు మీటర్ల డాబా నీరు తీసుకుందాం.

ముందు నేల సంగతి

పార్కింగు స్థలంలో రెండడుగుల లోతు గుంత తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. పక్కల నుంచి కూడా ఇంకుతుంది కాబట్టి ఆ అంకెలో సగమే లెక్కలోకి తీసుకోండి. గంటకు 13 మిల్లీమీటర్లు, ఆపైన వస్తే నీటిని నేలకే వదలొచ్చు. ఎర్ర మొరం నేలల్లో ఇది తరచుగా కుదురుతుంది. అంతకన్నా తక్కువైతే కంకర అడుగు నుంచి 10 సెం.మీ. ఎత్తులో, చిల్లులు పెట్టిన 110 ఎంఎం పీవీసీ పైపు వేసి కాలువకో ఇంకుడు గుంతకో కలపాలి.

నల్లరేగడి వేరే కథ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్లిస్తుంది. అక్కడ గోడల పక్కన నీరు ఇంకించకూడదు. అడుగునా పక్కలా మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, నీటిని పైపు ద్వారానే బయటికి పంపాలి. ఏ నేలలోనైనా పునాదికి 3 మీటర్ల లోపు ఇదే పద్ధతి. కింద సెల్లార్ ఉంటే అసలు ఇంకించొద్దు.

లెక్క

50 మి.మీ. వాన పడితే 150 చదరపు మీటర్ల మీద 7,500 లీటర్లు. కడిగిన ఒకే సైజు కంకరలో 40 శాతం ఖాళీ ఉంటుంది. 40 సెం.మీ. మందం కంకర 50 చదరపు మీటర్లలో 8,000 లీటర్లు పట్టుకుంటుంది. సరిపోయింది. పై నుంచి కిందికి పొరలివి: బ్లాకు 80 మి.మీ., 6 ఎంఎం చిప్స్ (సన్న కంకర) 50 మి.మీ., 20 ఎంఎం కంకర 100 మి.మీ., 40 ఎంఎం కంకర 300 మి.మీ. మొత్తం తవ్వకం 53 సెం.మీ.

పది శాతం అదనంతో కలిపి తెప్పించాల్సింది: 40 ఎంఎం 580 ఘనపుటడుగులు, 20 ఎంఎం 195, చిప్స్ 115. బ్లాకులు 200×100×80 మి.మీ. సైజువి, ఎం40 గ్రేడు (కాంక్రీటు బలాన్ని చెప్పే అంకె) ఉన్నవి. 8 మి.మీ. సందుతో చదరపు మీటరుకు 45 చొప్పున, విరిగేవి కలుపుకుని 2,350. సందు నిలబడేలా పక్కలకు బొడిపెలున్న బ్లాకులు అడగండి. అవి లేకపోతే మేస్త్రీ అలవాటుగా దగ్గరికి జరిపేస్తాడు.

డస్టే అసలు శత్రువు

క్వారీ నుంచి వచ్చే 6 ఎంఎం చిప్స్‌లో డస్టు కలిసే ఉంటుంది. జల్లించి, కడిగి వాడాలి. లారీ దిగగానే గుప్పెడు బకెట్ నీళ్లలో వేసి చూడండి. నీరు బురదగా మారితే ఆ లోడు వద్దు. ఈ డస్టు నీటితో కిందికి దిగి కంకర ఖాళీలను పూడ్చేస్తుంది. మళ్లీ తవ్వితే తప్ప బాగుపడదు.

వేయడం

1. తవ్విన అడుగును రోలరుతో తొక్కించొద్దు, నేల బిగిస్తే ఇంకదు. చుట్టూ సొంత పునాదితో కర్బ్ (అంచు గట్టు) కట్టండి. లేకపోతే అంచు బ్లాకులు జరిగిపోతాయి. మట్టి లోపలికి రాకుండా తవ్వకం పక్కలకు జియోటెక్స్‌టైల్ (నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ) తొడగండి. కంకర పొరల మధ్య మాత్రం ఆ గుడ్డ వద్దు, పూడుకుపోయేది అక్కడే.

2. 40 ఎంఎం కంకరను 15 సెం.మీ. చొప్పున రెండు పొరలుగా పోసి, రాళ్లు కదలనంత వరకు రోలరుతో నొక్కించండి. డాబా పైపును మట్టి తేరుకునే చిన్న ఛాంబరు గుండా తెచ్చి ఈ పొరలోకి విడవాలి. బ్లాకుల మీదికి ఒకేచోట ధారగా వదలకూడదు.

3. 20 ఎంఎం పొర నొక్కించాక, దాని పైమట్టానికి పొంగు నీటి పైపు పెట్టి వీధి కాలువకు కలపండి. అంతకన్నా ముందే లెవెల్ పైపుతో మట్టం చూసుకోవాలి. సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసి వీధి ఇంటికన్నా ఎత్తయిన కాలనీల్లో ఈ పైపు కాలువ నీటిని లోపలికే తెస్తుంది.

4. చిప్స్ పరిచి, బద్దతో సమం చేసి, నొక్కకుండా బ్లాకులు పేర్చండి. బండి తిరిగే చోట హెరింగ్‌బోన్ (చేప ముల్లులా ఒకటి నిలువు, ఒకటి అడ్డం) వరస మేలు. మీటరుకు ఒక సెంటీమీటరు వాలు చాలు. అంచుల్లో మూడో వంతు కన్నా చిన్న ముక్క పెట్టొద్దు.

5. సందుల్లో 2 నుంచి 5 మి.మీ. చిప్స్ ఊడ్చి, రబ్బరు ప్యాడున్న ప్లేట్ కంపాక్టర్ (అదురుతూ నొక్కే యంత్రం) తిప్పి, మళ్లీ నింపండి. ఇక్కడే పని చెడుతుంది. “గట్టిగా ఉంటుంది సార్” అంటూ ఆఖర్న సిమెంటు పాలు పోస్తారు. పక్కన నిలబడి ఆపాలి.

ఇంటి పనులన్నీ అయ్యాకే, వానాకాలం రాకముందే ఇది వేయండి. తర్వాత రిపేరు పని ఏదొచ్చినా దీనిపై ఇసుక కుప్ప పోయనివ్వొద్దు, మాలు కలపనివ్వొద్దు.

పరీక్ష, నిర్వహణ

30 సెం.మీ. వ్యాసమున్న రింగును మైనంతో అతికించి, 18 లీటర్ల నీరు కొద్దికొద్దిగా పోయండి. కొత్తలో నిమిషాల్లో పోతుంది. ఎప్పటికైనా గంట పడితే సందులు పూడినట్టే. మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి వాక్యూమ్‌తో దుమ్ము లాగండి. ప్రెషర్ పైపుతో కడిగితే బురద ఇంకా లోపలికి దిగుతుంది. బాగా పూడితే సందుల్లో పై 2 సెం.మీ. చిప్స్ తీసేసి కొత్తవి నింపండి. అందుకని ఒక బస్తా చిప్స్ కడిగి పక్కన ఉంచుకోండి.