కారు డోర్ మాడ్యూలుతో సంబంధం తెగిందని స్కానర్ చెబితే లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

తిరుమల కొండకు వెళ్లే ప్రతి కారూ అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర ఆగుతుంది. ప్రయాణికులు దిగి సామాను స్కానింగుకు తీసుకువెళతారు, సిబ్బంది తలుపులు, డిక్కీ తెరిపించి చూస్తారు, ఆ తర్వాత అందరూ ఎక్కి తలుపులు వేసుకుంటారు. రోజుకు రెండు ట్రిప్పులు వేసే అద్దెకారు తలుపులు ఎన్నిసార్లు తెరుచుకుని మూసుకుంటాయో లెక్క వేసుకోండి. అలాంటి కార్లలో ఒకరోజు డ్రైవరు తలుపు గ్లాసు పైకి రాదు, సెంట్రల్ లాకు పడదు, సైడ్ మిర్రర్ కదలదు. కారులోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టించి చూస్తే యు0199 అనే కోడు వస్తుంది. డోర్ కంట్రోల్ మాడ్యూల్ ‘ఏ’తో, అంటే తలుపులో ఉండి గ్లాసు, లాకు, మిర్రర్‌లను నడిపించే చిన్న కంప్యూటరుతో, సంబంధం తెగిందని దాని అర్థం. యు0200 వస్తే అది ‘బి’ మాడ్యూలుకు సంబంధించినది. ఏ తలుపును ‘ఏ’ అంటారో, ఏ తలుపును ‘బి’ అంటారో కారు తయారు చేసిన కంపెనీని బట్టి ఉంటుంది కనుక సర్వీసు మాన్యువల్లో చూసి నిర్ధారించుకోవాలి.

ఈ కోడు చూడగానే మాడ్యూలు కాలిపోయిందనుకుని కొత్తది తెప్పించడం మన దగ్గర చాలా చోట్ల జరుగుతున్న పొరపాటు. కోడును నమోదు చేసేది తలుపులోని మాడ్యూలు కాదని ముందుగా గ్రహించాలి. దాని నుంచి రావలసిన సందేశం నిర్ణీత సమయంలో రాలేదని బాడీ కంట్రోల్ మాడ్యూలు (లైట్లు, లాకుల వంటివాటిని చూసుకునే కంప్యూటరు) వంటి మరొక మాడ్యూలు చేసిన ఫిర్యాదు అది. అవతలి మాడ్యూలుకు కరెంటు అందకపోయినా, ఎర్తు పోయినా, సందేశాలు మోసే తీగ తెగినా, నిజంగానే మాడ్యూలు చెడిపోయినా ఫిర్యాదు ఒకే విధంగా ఉంటుంది. ఈ నాలుగింటిలో మొదటి మూడూ కొద్దిపాటి ఖర్చుతో బాగయ్యేవి. ఎక్కువసార్లు కనిపించేవి కూడా అవే.

పనిముట్లు పట్టకముందు

మీ కారులో తలుపు మాడ్యూలు అసలు ఉందా అన్నది మొదటి ప్రశ్న. చిన్న కార్లలో చాలావాటిలో స్విచ్చు నుంచి మోటారుకు నేరుగా తీగలు వెళతాయి, లాకుల పని బాడీ కంట్రోల్ మాడ్యూలు చూసుకుంటుంది. అటువంటి కారులో ఈ వ్యాసంలోని సగం పరీక్షలు అవసరం లేదు.

మాడ్యూలు ఉన్న కారైతే, ఏమేమి పనిచేయడం లేదో కాగితం మీద రాయండి. ఒకే తలుపులోని గ్లాసు, లాకు, మిర్రర్ కలిసి ఆగిపోతే ఆ తలుపుకు వెళ్లే కరెంటునో, ఎర్తునో, సందేశాల తీగనో అనుమానించాలి. గ్లాసు ఒక్కటే ఆగి మిగతావి పనిచేస్తుంటే మాడ్యూలు బతికే ఉన్నట్టు. లోపం చాలావరకు మోటారులోనో స్విచ్చులోనో ఉంటుంది. నాలుగు తలుపులూ ఒకేసారి మౌనం వహిస్తే తలుపు విప్పడం దండగ, ఫ్యూజు బాక్సు వైపు నడవాలి. తలుపు ఒక కోణంలో ఉన్నప్పుడు పనిచేసి, ఇంకాస్త తెరవగానే ఆగిపోతే లోపం తలుపు మడత దగ్గరి తీగల్లో ఉందని కారే చెప్పేసినట్టు.

స్కానర్ చెప్పేదాన్ని పూర్తిగా వినడం

ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చవక స్కానర్ ఈ పనికి చాలదు. అన్ని మాడ్యూళ్లనూ పలకరించగలిగినది కావాలి. కోడ్లన్నీ రాసుకుని, ఏ మాడ్యూలు ఫిర్యాదు చేస్తోందో, కోడు ఇప్పటిదో పాతదో చూసి, తుడిచేసి, ఇగ్నిషన్ ఆపి మళ్లీ వేసి, తలుపు నాలుగైదుసార్లు తెరిచి మూసి, తిరిగి చదవాలి. వెంటనే తిరిగి వచ్చిన కోడునే పట్టుకోవాలి. పాత కోడు ఒక్కోసారి బ్యాటరీ బలహీనంగా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టిన క్షణంలో వోల్టేజీ పడిపోయి మిగిలిపోయినదే కావచ్చు. తర్వాత స్కానర్‌తో నేరుగా ఆ డోర్ మాడ్యూలులోకి వెళ్లే ప్రయత్నం చేయండి. అది జవాబిస్తే ప్రస్తుతానికి సంబంధం ఉన్నట్టే. లోపం వచ్చిపోయే రకం.

బ్యాటరీని కూడా ఇక్కడే కొలవాలి. కొన్ని గంటలు ఆగి ఉన్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది. అది సరిగా లేకుండా ముందుకు వెళితే ప్రతి కొలతా తప్పుదారి పట్టిస్తుంది.

ఫ్యూజును కంటితో చూసి తృప్తి పడకండి. అది దాని స్థానంలో ఉండగానే రెండు కాళ్ల మీదా టెస్ట్ ల్యాంపు (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు పనిముట్టు) పెట్టి, రెండు వైపులా వెలుగుతోందా అని చూడండి. ఒక తలుపు మాడ్యూలుకు మోటారు కోసం ఒకటి, లోపలి మెదడు కోసం మరొకటి, రెండు ఫ్యూజులు ఉండవచ్చు.

తలుపు మడత దగ్గరి రబ్బరు బూటు

నా అనుభవంలో ఎక్కువ కార్ల జబ్బు ఇక్కడే ఉంది. తలుపుకూ కారు బాడీకీ మధ్య, కీళ్ల పక్కన, ముడతలు ముడతలుగా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. తలుపులోకి వెళ్లే తీగలన్నీ దానిలోంచే వెళతాయి. తలుపు కదిలిన ప్రతిసారీ ఆ తీగలు ఒకే చోట వంగి, కొన్నేళ్లకు లోపలి రాగి పోగులు ఒక్కొక్కటిగా తెగిపోతాయి. పైనున్న ప్లాస్టిక్ తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక పైకి చూస్తే ఏమీ తెలియదు.

మా వీధిలో కారు అద్దెకు నడిపే ఒకతనికి ఒక వర్క్‌షాపులో కొత్త మాడ్యూలు వేసి ఇచ్చారు. రెండు వారాలకు అదే కోడు మళ్లీ వచ్చింది. నేను బూటును బాడీ వైపు నుంచి ఊడదీసి వెనక్కి మడిచి, తీగలను ఒక్కొక్కటిగా రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగాను. లావాటి నల్ల తీగ ఒకటి, మిగతావాటిలా బిగువుగా నిలవకుండా, ఒక అంగుళం మేర రబ్బరులా సాగింది. తొడుగు కోసి చూస్తే లోపల రాగి పూర్తిగా తెగి, కొసలు పచ్చటి చిలుము పట్టి ఉన్నాయి. అది ఆ తలుపు ఎర్తు. కొత్త మాడ్యూలు బిగించేటప్పుడు తీగలు కదిలి, తెగిన కొసలు కొన్నాళ్లు ఒకదానికొకటి తగులుతూ ఉండటం వల్లే అది ఆ రెండు వారాలైనా పనిచేసింది. తీగను అతికించి పాత మాడ్యూలును తిరిగి బిగిస్తే అదీ చక్కగా పనిచేసింది. అతను అనవసరంగా పెట్టిన ఆ ఖర్చు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

కాబట్టి మీరు కూడా ప్రతి తీగనూ విడివిడిగా వేళ్లతో వంచి, లాగి చూడండి. లోపల రాగి ఉన్న తీగ వంపుకు కొంచెం ఎదురుతిరుగుతుంది. తెగిన చోట మెత్తగా దారంలా వాలిపోతుంది. ఒక మనిషి తలుపును నెమ్మదిగా ఆడిస్తుండగా మరొకరు స్కానర్ తెరను గమనిస్తే ఇంకా మంచిది.

మాడ్యూలు కప్లర్ దగ్గర పరీక్షలు

బూటులో ఏమీ దొరకకపోతే తలుపు లోపలి వైపు ఉండే డోర్ ప్యాడ్ విప్పి, మాడ్యూలుకు తీగలను కలిపే ప్లగ్గును, అంటే కప్లర్‌ను, చేరుకోవాలి. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగుకు సంబంధించిన సెన్సర్ తలుపులోనే ఉంటుంది. అందువల్ల ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ ఊడదీసి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగిన తర్వాతే అక్కడి కప్లర్లను ముట్టుకోవాలి. ఎయిర్‌బ్యాగు తీగలకు మీటరు గానీ ల్యాంపు గానీ ఎప్పుడూ తగిలించకూడదు.

కరెంటు, ఎర్తు పరీక్షించేటప్పుడు మీటరును ఒంటరిగా నమ్మవద్దు. ఇరవై పోగుల్లో ఒక్కటే మిగిలి ఉన్న తీగ మీద కూడా మీటరు పూర్తి 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు శూన్యం. కుళాయి పైపు కొసను వేలితో మూసి పట్టుకుంటే ఒత్తిడి బాగానే ఉన్నట్టు అనిపించి, వేలు తీయగానే ధార సన్నగా పడటం లాంటిదే ఇది. అందుకని 21 వాట్ల బల్బు ఒకటి రెండు తీగలకు కట్టి పెట్టుకోండి. బ్యాటరీ తిరిగి తగిలించి, ఇగ్నిషన్ వేసి, కప్లర్‌లోని కరెంటు పిన్నుకూ మంచి ఎర్తుకూ మధ్య ఆ బల్బు పెట్టండి. తర్వాత బ్యాటరీ పాజిటివ్‌కూ కప్లర్‌లోని ఎర్తు పిన్నుకూ మధ్య పెట్టండి. మోటారుకు కరెంటు ఇచ్చే లావు పిన్నుల మీద ఈ బల్బు నిండుగా వెలగాలి. మెదడుకు కరెంటు ఇచ్చే సన్న తీగ మీద ఇంతకంటే చిన్నదైన 5 వాట్ల బల్బు వాడటం మేలు. సందేశాలు మోసే తీగల మీద మాత్రం ఏ బల్బూ పెట్టకూడదు. మాడ్యూలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

కప్లర్ తగిలించి ఉండగా, మీటరు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్ మీదా ఎర్ర తీగను మాడ్యూలు ఎర్తు పిన్ను వెనక భాగానా ఆనించి, గ్లాసును నడిపించి చూడటం మరో నమ్మకమైన పరీక్ష. అక్కడ వోల్టులో పదో వంతుకు మించి గణనీయంగా కనిపిస్తే ఎర్తు మార్గంలో ఎక్కడో అడ్డంకి ఉంది. పిన్నుల ముందు రంధ్రంలోకి లావు సూది దూర్చితే ఆ రంధ్రం వెడల్పై, లేని లోపాన్ని మనమే పుట్టించినవాళ్లమవుతాం.

సందేశాల తీగలు

మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1986లో బాష్ కంపెనీ ప్రపంచానికి పరిచయం చేసిన క్యాన్ పద్ధతిలో, క్యాన్ హై, క్యాన్ లో అనే రెండు తీగలు మెలిపడి వెళతాయి. బ్యాటరీ ఊడదీసి, మాడ్యూలు కప్లర్ విప్పి, బండి వైపు తీగల రెండు క్యాన్ పిన్నుల మధ్య ఓములు కొలవాలి. రెండు కొసల్లో చెరొక 120 ఓముల నిరోధకం ఉన్న నెట్‌వర్కులో సుమారు 60 రావాలి. 60 వస్తే తీగలు అక్కడిదాకా క్షేమం. ఏమీ చూపించకపోతే తలుపుకు వచ్చే తీగ తెగింది. సున్నాకు దగ్గరగా ఉంటే రెండూ ఎక్కడో కలిశాయి. 120 వస్తే ఒక నిరోధకం లెక్కలోకి రాలేదు. మీరు విప్పిన మాడ్యూలులోనే ఆ నిరోధకం ఉంటే అది సహజమే.

చాలామంది ఈ కొలతను స్టీరింగు కింద ఉండే, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో, 6, 14 పిన్నుల మధ్య తీసి సరిపెట్టుకుంటారు. ప్రధాన తీగ నుంచి తలుపుకు చీలిన కొమ్మ తెగినా అక్కడ 60 ఓములే కనిపిస్తాయి. పైగా చాలా కార్లలో సాకెట్‌కూ తలుపుల నెట్‌వర్కుకూ మధ్య సందేశాలను ఒకవైపు నుంచి మరోవైపుకు అందించే గేట్‌వే మాడ్యూలు ఉంటుంది. అందుకే తలుపు దగ్గరి కొలతకే విలువ.

బ్యాటరీ పెట్టి ఇగ్నిషన్ వేశాక, క్యాన్ హై తీగ మీద 2.5 వోల్టుల కంటే కొంచెం ఎక్కువ, క్యాన్ లో మీద కొంచెం తక్కువ ఉండాలి. కొన్ని పాత కార్లలో తలుపులకు వాడిన తక్కువ వేగపు క్యాన్‌కు ఈ 60 ఓముల లెక్క గానీ ఈ వోల్టులు గానీ వర్తించవు. సందేశాలు పంపే మరో పద్ధతి అయిన లిన్ అయితే ఒక్కటే తీగ; ఖాళీగా ఉన్నప్పుడు అది బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉంటుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసే ఈశాన్య రుతుపవనాల వానలు మన ప్రాంతపు కార్లకు మరో పరీక్ష. 2021 నవంబరులో తిరుపతి వీధులు మునిగినప్పుడు ఎన్నో కార్ల తలుపుల్లోకి నీరు చేరింది. డోర్ ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటును మెకానిక్కులు చించి పారేసినా, తలుపు కింది నీటి రంధ్రాలు మట్టితో పూడినా, మాడ్యూలు కప్లర్‌లోకి తేమ చేరుతుంది. పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనరుతో శుభ్రం చేసి, ఆరబెట్టి, నీటి దారిని కూడా సరిచేయాలి.

బాగు చేయడం

తెగిన తీగను మెలిపెట్టి టేపు చుడితే వానాకాలం దాటదు. అదే మందం గల కొత్త ముక్కను కలిపి, అతుకులు మడత పడే చోట రాకుండా బూటుకు అవతల తలుపు లోపలా, ఇవతల బాడీ లోపలా వచ్చేలా చూసి, నాణ్యంగా క్రింపు చేసి (లోహపు తొడుగులో పెట్టి నొక్కి బిగించి), జిగురు ఉన్న, వేడికి ముడుచుకునే ష్రింక్ ట్యూబు వేడి చేసి అతికించాలి. క్యాన్ తీగలకు అతుకు వేస్తే వాటి మెలికను వీలైనంత మేర నిలపాలి.

కరెంటు, ఎర్తు తీగలు బల్బు పరీక్షలో నెగ్గి, సందేశాల తీగల కొలతలు సరిగా ఉండి, తలుపు కదులుతున్నా అవి అలాగే నిలిచి, అయినా మాడ్యూలు పలకకపోతే అప్పుడే దానిని మార్చండి. పాత మాడ్యూలు కొనేటప్పుడు పార్టు నంబరు ఒకటేనని చూసుకోవాలి. చాలా కార్లలో కొత్తదైనా పాతదైనా స్కానర్‌తో కోడింగు చేస్తే, అంటే ఆ కారుకు తగ్గట్టు దానిని సెట్ చేస్తే తప్ప పనిచేయదు.

పని అయ్యాక కోడ్లు తుడిచి, గ్లాసును అడుగుదాకా దించి, పైదాకా ఎక్కించి, మాన్యువల్ చెప్పిన సేపు స్విచ్చు పట్టుకుని దాని స్థానాన్ని తిరిగి నేర్పించండి. తలుపును ఓ ఇరవైసార్లు తెరిచి మూసి, రెండు రోజులు బండి తిప్పి, కోడు మళ్లీ చదివించండి.